సముద్రపు నాచు సాగు: గోదావరి తీర మత్స్యకార సంఘాలకు ధవళేశ్వరం నీటి లెక్కే ప్రాతిపదిక

ప్రత్యేక వ్యాసం

సముద్రపు నాచు సాగును చిన్నతరహా మత్స్యకార కుటుంబాలకు అదనపు ఆదాయ మార్గంగా తీర్చిదిద్దే ప్రయత్నాలు దేశంలో పాతికేళ్లుగా జరుగుతున్నాయి. తమిళనాడులోని రామనాథపురం తీరంలో వేళ్లూనుకున్న ఈ సాగును ఇతర తీర రాష్ట్రాలకు విస్తరింపజేసే లక్ష్యంతో, 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో 640 కోట్ల రూపాయలను ప్రత్యేకించడం జరిగింది. ఆంధ్రప్రదేశ్ తీరంలో ఈ సాగు ఇంకా తొలి దశలోనే ఉన్నది.

గోదావరి డెల్టా తీరానికి ఈ సాగును అన్వయించే ముందు ఒక ప్రాథమిక విషయాన్ని గుర్తించవలసి ఉన్నది. నాచుకు నిలకడైన ఉప్పునీరు కావాలి. గోదావరి మొగల పరిసరాలలో ఉప్పునీరు ఎన్ని నెలలు నిలుస్తుందన్నది ప్రధానంగా ధవళేశ్వరం వద్ద సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజీ నుంచి దిగువకు విడుదలయ్యే నీటిపై ఆధారపడి ఉంటుంది. ఈ అంశాన్ని విస్మరించి తెప్పలు పంపిణీ చేసినట్లయితే తొలి వరదకే పంట పాడవుతుంది. అప్పు మాత్రం మత్స్యకార మహిళ పేరున మిగిలిపోతుంది. నీటి లెక్కను ముందుగా సరిచూసుకొని, విత్తనం, సాగు, ఆరబోత, విక్రయం అనే నాలుగు అంచెలను సంఘాల ఆధ్వర్యంలో ఒకదానితో ఒకటి అనుసంధానించగలిగితే, వేట లేని నెలలలో కుటుంబానికి ఆసరా లభిస్తుంది. ఈ నాలుగు అంచెల స్వరూపాన్ని, వాటి మధ్య ఉన్న సంబంధాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆనకట్ట దిగువన నీటి లెక్క

ధవళేశ్వరం వద్ద గోదావరిపై తొలి ఆనకట్ట నిర్మాణం సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో ప్రారంభమై 1852లో పూర్తయినది. దాని స్థానంలో నిర్మించిన ప్రస్తుత బ్యారేజీ 1982 నాటికి పూర్తయినది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు విభాగాలుగా విస్తరించిన ఈ బ్యారేజీకి 175 గేట్లు ఉన్నాయి. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలలో 10 లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టుకు ఇక్కడి నుంచే కాలువల ద్వారా నీరు అందుతున్నది.

బ్యారేజీ దిగువన నది గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. గౌతమి భైరవపాలెం సమీపంలో, వైనతేయ ఓడలరేవు వద్ద, వసిష్ఠ అంతర్వేది వద్ద సముద్రంలో కలుస్తాయి. గౌతమి నీటిలో కొంత భాగం కోరింగ, గాడేరు పాయల ద్వారా కాకినాడ అఖాతంలోకి చేరుతుంది. కనుక ఈ తీరంలో ఏ చోట తెప్ప వేసినా, ఆ నీటి స్వభావం ఏదో ఒక మేరకు ధవళేశ్వరంతో ముడిపడి ఉంటుంది.

వరద కాలంలో బ్యారేజీ నుంచి విడుదల 10 లక్షల క్యూసెక్కులకు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరికను, 13 లక్షలకు చేరినప్పుడు రెండవ హెచ్చరికను, 17 లక్షలకు చేరినప్పుడు మూడవ హెచ్చరికను జారీ చేస్తారు. 10 లక్షల క్యూసెక్కుల ప్రవాహం ఒక రోజంతా కొనసాగితే 86.4 టి.ఎం.సి.ల మంచినీరు సముద్రంలో కలుస్తుంది. 1986 ఆగస్టు వరదలో గరిష్ఠ ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటినది. 2022 జూలైలో అది 25 లక్షల క్యూసెక్కులు దాటినది. ఇటువంటి రోజులలో మొగల వద్ద నీరు దాదాపు మంచినీరుగా మారిపోతుంది. ఒండ్రుమట్టితో నిండిన ఎర్రనీరు తీరం వెంట చాలా దూరం వ్యాపిస్తుంది.

రబీ కాలంలో పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం. డిసెంబరు నుంచి మే వరకు నదిలోని నీరు కాలువలకే చాలీచాలనంతగా ఉంటుంది. బ్యారేజీ దాటి సముద్రానికి చేరే నీరు నామమాత్రం. పోటు నీరు నదీపాయలలోకి లోతుగా చొచ్చుకువస్తుంది. మంచినీటికి ఇబ్బంది కలిగించే ఈ ఉప్పునీటి కాలమే నాచు సాగుకు అనువైన కాలం.

నాచుకు కావలసిన నీరు

వాణిజ్య సాగులో ప్రధానమైనది కప్పాఫైకస్ అల్వారెజీ అనే ఎర్ర నాచు. దీని నుంచి తీసే కారగీనాన్ అనే పదార్థాన్ని ఐస్‌క్రీములు, పాల ఉత్పత్తులు, టూత్‌పేస్టు, ఔషధాల తయారీలో నీటిని చిక్కబరచేందుకు వాడతారు. గ్రాసిలేరియా, గెలీడియెల్లా జాతుల నుంచి అగార్‌ను, సర్గాసం వంటి గోధుమరంగు నాచుల నుంచి ఆల్జినేట్‌ను తీస్తారు.

కప్పాఫైకస్ మన తీరానికి చెందిన జాతి కాదు. భావనగర్‌లోని కేంద్ర లవణ, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ దీనిని 1984లో తెప్పించి సౌరాష్ట్ర తీరంలో పెంచినది. 1995లో దీనిని తమిళనాడులోని మండపం తీరానికి తరలించారు. ఈ జాతి బాగా పెరగాలంటే నీటిలో ఉప్పు వెయ్యికి 30 నుంచి 35 పాళ్లు ఉండాలి. ఉష్ణోగ్రత 25 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. నీరు తేటగా ఉండి ఎండ లోపలికి దిగాలి. ఆటు సమయంలో సైతం కనీసం ఒక మీటరు లోతు ఉండాలి. నీరు కదులుతూ ఉండాలి, కాని అలల తాకిడి తీవ్రంగా ఉండరాదు.

ఉప్పు తగ్గినప్పుడు గాని, నీరు మరీ వేడెక్కినప్పుడు గాని ఈ నాచుకు ఐస్-ఐస్ అనే తెగులు సోకుతుంది. కొమ్మలు తెల్లబడి, మెత్తబడి, విరిగి కొట్టుకుపోతాయి. నాచును మేసే చేపల బెడద కూడా ఉంటుంది. అందువల్ల తెప్ప అడుగున వల కట్టడం పరిపాటి.

సాగుకు అనువైన కాలం

గేట్లు మూసినంత మాత్రాన సముద్రం వెంటనే ఉప్పదేరదు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తూర్పు తీరం వెంబడి ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతూ, బంగాళాఖాతం ఉత్తర భాగంలోని నదుల మంచినీటిని కూడా మోసుకువస్తుంది. అదే కాలంలో తుఫానుల ముప్పు అధికం. 1996 నవంబరులో కాకినాడ, కోనసీమ ప్రాంతాలను అతలాకుతలం చేసిన తుఫాను ఇందుకు ఒక నిదర్శనం. ఫిబ్రవరి నుంచి ప్రవాహ దిశ మారి, నీటిలో ఉప్పు పెరుగుతుంది. మే ద్వితీయార్ధానికి నీరు వేడెక్కడం, రుతుపవనాల రాకతో అలలు పెరగడం మొదలవుతాయి. జూన్ నెలాఖరు నుంచి వరద నీటికి సిద్ధంగా ఉండవలసినదే.

ఈ లెక్కన గోదావరి తీరంలో సాగుకు భరోసా ఉన్న కాలం సుమారుగా జనవరి 1 నుంచి మే 15 వరకు, అనగా 135 రోజులు. ఒక కోతకు 45 రోజులు పడుతుంది కనుక కాగితంపై మూడు కోతలు కనిపిస్తాయి. ఆచరణలో ఈ లెక్క మారుతుంది. ఆ మార్పును అర్థం చేసుకోవడమే సంఘాల ప్రణాళికకు కీలకం.

తెప్పల లెక్క

తమిళనాడులో స్థిరపడిన పద్ధతి ప్రకారం, 3 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు గల వెదురు తెప్పకు 20 తాళ్లు కడతారు. ఒక్కొక్క తాడుకు సుమారు 150 గ్రాముల బరువు గల 20 నాచు ముక్కలు కడతారు. ఒక తెప్పకు 60 కిలోల విత్తనం అవసరమవుతుంది. అనుకూల పరిస్థితులలో 45 రోజులకు అది నాలుగు రెట్లు పెరిగి 240 కిలోల వరకు చేరుతుంది. అందులో 60 కిలోలు తిరిగి విత్తనానికి పోగా, 180 కిలోలు ఆరబోతకు మిగులుతుంది. సుమారు 10 కిలోల పచ్చి నాచు ఎండితే 1 కిలో అవుతుంది కనుక తెప్పకు 18 కిలోల ఎండు నాచు వస్తుందని లెక్కించవచ్చు.

ఒక వ్యక్తికి 45 తెప్పలు కేటాయించడం అక్కడి ఆనవాయితీ. రోజుకు ఒక తెప్ప చొప్పున నాటుతూ పోతే 46వ రోజు నుంచి రోజుకు ఒక తెప్ప కోతకు వస్తుంది. సాగు కాలం సుదీర్ఘంగా ఉన్న తీరంలో ఈ పద్ధతి ఎంతో సౌకర్యవంతమైనది. పనీ, ఆదాయమూ రోజువారీగా ఉంటాయి. 135 రోజులే ఉన్న గోదావరి తీరంలో దీనిని యథాతథంగా పాటిస్తే తొలి 45 రోజులు నాటడానికే సరిపోతాయి. మిగిలిన 90 రోజులలో 90 తెప్పల కోత మాత్రమే సాధ్యమవుతుంది. అనగా ఒక్కొక్క తెప్పకు దక్కేవి రెండు కోతలే.

కనుక ఈ తీరంలో మంజూరు చేసే ఏ యూనిట్‌కైనా ఆదాయ అంచనాను రెండు కోతల ప్రాతిపదికపైనే రూపొందించడం శ్రేయస్కరం. ఆ ప్రకారం 45 తెప్పలపై రెండు కోతలకు 1,620 కిలోల ఎండు నాచు, కాలం ముగిసే నాటికి 2,700 కిలోల పచ్చి విత్తనం చేతికి రావాలి. పది మంది కలిసి ఉమ్మడిగా పనిచేసి, ఒకరి తరువాత ఒకరి తెప్పలను కొద్ది రోజులలోనే నాటగలిగితే ముందుగా నాటిన తెప్పలపై మూడవ కోత కూడా తీయవచ్చు. దానిని అదనపు లాభంగానే పరిగణించాలి. రుణ వాయిదాను దానిపై ఆధారపరచరాదు. వరి నాట్లకు బదులు కూలి పద్ధతిలో ఒకరి చేనికి మరొకరు వెళ్లే అలవాటు డెల్టా గ్రామాలకు కొత్త కాదు. నాచు సాగులోనూ అదే విధానం అవసరమవుతుంది. ఇక్కడ సహకారమన్నది కేవలం ఆశయం కాదు. కాలం కుదించుకుపోయినందువల్ల ఏర్పడిన అవసరం.

తమిళనాడు అనుభవం

2000 సంవత్సరంలో పెప్సికో ఇండియా సంస్థ పైన పేర్కొన్న పరిశోధన సంస్థ నుంచి సాంకేతికతను పొంది, తమిళనాడు తీరంలో మహిళా స్వయం సహాయక సంఘాలతో ఒప్పంద సాగును ప్రారంభించినది. బ్యాంకులు రుణాలు అందించగా, కొనుగోలుకు సంస్థ హామీ ఇచ్చినది. 2008లో ఈ వ్యాపారం ఆక్వాగ్రి ప్రాసెసింగ్ సంస్థకు బదిలీ అయినది. 2001లో 21 టన్నులుగా ఉన్న ఎండు నాచు ఉత్పత్తి 2013 నాటికి సుమారు 1,500 టన్నులకు పెరిగినది.

ఆ తరువాతి పరిణామం కూడా అంతే గమనార్హమైనది. 2013, 2014 సంవత్సరాలలో సముద్రపు నీరు అసాధారణంగా వేడెక్కడంతో నాచు పెద్ద ఎత్తున నశించినది. విత్తనమే కరవైనందున మరుసటి కాలంలో నాటడానికి ఏమీ మిగలక, అనేక కుటుంబాలు తిరిగి వేటకు, కూలి పనులకు మళ్లవలసి వచ్చినది. పంట పోవడం కంటే విత్తనం పోవడమే అక్కడ పెద్ద దెబ్బ.

తూర్పు ఆఫ్రికాలోని జాంజిబార్ దీవులలో 1989లో ప్రారంభమైన నాచు సాగు మరొక పాఠాన్ని అందిస్తున్నది. అక్కడి సాగుదారులలో అత్యధికులు మహిళలు. విత్తనం, తాళ్లు ఇచ్చిన వ్యాపారులే సరుకును కొనడం, ధరను వారే నిర్ణయించడం వల్ల ఉత్పత్తి పెరిగినా మహిళల చేతికి వచ్చే ఆదాయం ఆ మేరకు పెరగలేదు. సబ్బులు, పొడులు వంటి ఉత్పత్తులను సొంతంగా తయారు చేసుకున్న సంఘాలు మాత్రమే కొంత బేరమాడే శక్తిని సంపాదించుకోగలిగాయి. అడ్వాన్సు ఇచ్చిన షావుకారుకే చేపను అమ్మవలసిన పరిస్థితి మన తీరంలోనూ ఉన్నదే కనుక, ఈ అనుభవాన్ని అర్థం చేసుకోవడానికి మత్స్యకారులకు ప్రత్యేక వివరణ అవసరం లేదు.

మొదటి అంచె: విత్తనం

గోదావరి తీరంలో జూన్ నుంచి డిసెంబరు వరకు కప్పాఫైకస్ నాచును సముద్రంలో నిలుపుకోవడం సాధ్యం కాదు. ప్రతి ఏటా జనవరిలో కొత్తగా విత్తనం తెచ్చుకోవలసి ఉంటుంది. ఒక్క వ్యక్తి 45 తెప్పలకే 2,700 కిలోల పచ్చి విత్తనం కావాలి. పది మంది సంఘానికి 27 టన్నులు కావాలి. తడి ఆరకుండా ఇంత బరువును తమిళనాడు నుంచి ఏటా తరలించడం ఖర్చుతో కూడుకున్న పని. దారిలో ఆలస్యమైతే విత్తనం పాడవుతుంది.

కనుక విత్తన నిల్వ కేంద్రం ఈ గొలుసులో మొదటి అంచె కావాలి. వరద నీటి ప్రభావం తక్కువగా ఉండి, రాతి తీరం ఉన్న విశాఖపట్నం ప్రాంతంలో గాని, ఒడ్డున తొట్లలో గాని తల్లి విత్తనాన్ని ఏడు నెలలు కాపాడి, డిసెంబరులో పెంచి జనవరికి అందించే ఏర్పాటు అవసరం. విశాఖపట్నంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం, కాకినాడలోని రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఈ అంశంలో సాంకేతిక సహకారం అందించగల స్థానంలో ఉన్నాయి. కాలం చివర సంఘాల చేతిలో మిగిలే పచ్చి విత్తనంలో కొంత భాగాన్ని ఈ కేంద్రానికి జమచేసి, తిరిగి జనవరిలో పొందే విధంగా ఖాతా నిర్వహించవచ్చు. ధాన్యపు గాదెకు వర్తించే నియమమే దీనికీ వర్తిస్తుంది.

దేశీయ జాతియైన గ్రాసిలేరియా మరొక ప్రత్యామ్నాయం. ఈ జాతులలో కొన్ని ఉప్పు తగ్గిన నీటిని కూడా కొంతమేరకు తట్టుకోగలవు. ఒడిశాలోని చిలికా సరస్సులో వీటిపై సాగు ప్రయోగాలు జరిగాయి. పెరుగుదల నెమ్మదిగా ఉన్నప్పటికీ, అడుగున మిగిలిన నాచు నుంచి విత్తనాన్ని స్థానికంగానే సేకరించుకునే వీలుండడం వీటి ప్రయోజనం.

రెండవ, మూడవ అంచెలు: సాగు, ఆరబోత

కాకినాడ అఖాతానికి హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ సహజమైన రక్షణ కల్పిస్తున్నది. అయితే అక్కడ ఓడల రాకపోకలు, బురద నీరు, అభయారణ్య పరిధి వంటి పరిమితులు ఉన్నాయి. ఉప్పాడ నుంచి ఉత్తరంగా, అంతర్వేది నుంచి దక్షిణంగా తీరం బాహాటంగా ఉండి అలల తాకిడి ఎక్కువ. ఇటువంటి చోట్ల వెదురు తెప్పల కంటే గొట్టపు వలలలో విత్తనం నింపి తాళ్లకు కట్టే పద్ధతి మేలు. స్థలాన్ని ఎంపిక చేసే ముందు కనీసం ఒక సంవత్సరం పాటు ఉప్పు, ఉష్ణోగ్రత, నీటి తేటదనం కొలతలను ధవళేశ్వరం విడుదలల పట్టికతో జోడించి చూడవలసి ఉంటుంది. హైదరాబాద్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం అందించే అలల, సముద్ర ఉష్ణోగ్రతల సూచనలు కూడా ఇందుకు ఉపయోగపడతాయి.

ఆరబోత దశలో నష్టం సాధారణంగా కంటికి కనిపించదు. ఇసుకపై ఎండబెట్టిన నాచుకు ఇసుక, గవ్వలు, చెత్త అంటుకుంటాయి. కొనుగోలుదారు తూకంలో ఆ మేరకు కోత విధిస్తాడు. తేమ సుమారు 35 శాతానికి మించి ఉన్న సరుకు నిల్వలో పాడవుతుంది. ఎండిన నాచు వానకు తడిస్తే అందులోని సారం కారిపోతుంది. వెదురు మంచెలపై వలలు పరచి ఎండబెట్టడం, కప్పడానికి పట్టాలు సిద్ధంగా ఉంచుకోవడం, నిల్వకు గచ్చు గల గది ఏర్పాటు చేయడం ఒక్క కుటుంబానికి భారమైనా, సంఘానికి సాధ్యమే. చేపలను ఎండబెట్టడంలో తరతరాల నైపుణ్యం ఉన్న మహిళలకు ఈ పని కొత్త కాదు. మార్చి నుంచి మే వరకు కాసే ఎండ ఈ అంచెకు అనుకూలం. సంఘం వద్దే తూకపు యంత్రం, తేమను కొలిచే పరికరం ఉన్నట్లయితే విక్రయ సమయంలో వివాదాలకు తావుండదు.

నాల్గవ అంచె: విక్రయం

ఎండు నాచు కొనుగోలుదారులు దేశంలో పరిమిత సంఖ్యలోనే ఉన్నారు. ఒకే కొనుగోలుదారుపై ఆధారపడకుండా ఉండాలంటే రెండవ ఉత్పత్తి ఒకటి అవసరం. గోదావరి డెల్టాకు ఆ అవకాశం సమీపంలోనే ఉన్నది.

పచ్చి కప్పాఫైకస్‌ను నలిపి రసం తీసి, దానిని పంటలపై పిచికారీ చేసే ద్రవంగా మార్చే విధానాన్ని భావనగర్ పరిశోధన సంస్థ అభివృద్ధి చేసినది. రసం తీయగా మిగిలిన పిప్పి కారగీనాన్ తయారీకి పనికివస్తుంది. ఒకే కోత నుంచి రెండు ఉత్పత్తులు లభిస్తాయి. ఇఫ్కో సంస్థ సాగరిక పేరిట విక్రయిస్తున్న ద్రవం సముద్రపు నాచు ఆధారంగా తయారైనదే. ఇటువంటి ద్రవాలు ఎరువులకు ప్రత్యామ్నాయం కావు. మొక్క పెరుగుదలకు తోడ్పడే అనుబంధాలు మాత్రమే.

ధవళేశ్వరం బ్యారేజీ కింద 10 లక్షల ఎకరాలకు పైగా వరి ప్రధానమైన ఆయకట్టు ఉన్నది. ధవళేశ్వరానికి పొరుగునే ఉన్న కడియం, కడియపులంక ప్రాంతంలోని నర్సరీలు దేశవ్యాప్తంగా మొక్కలను సరఫరా చేస్తున్నాయి. వరద నీటిని విడిచి నాచు కాలాన్ని కుదించే బ్యారేజీయే, నాచు రసానికి అతి సమీపంలోని మార్కెట్‌కు కూడా నీరందిస్తున్నది. తీరంలో తీసిన రసం రోడ్డు మార్గాన కొద్ది గంటలలో ఈ ప్రాంతాలకు చేరగలదు. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలు, నర్సరీ రైతుల సంఘాలతో మత్స్యకార సంఘాలు ముందస్తు ఒప్పందం కుదుర్చుకునే అవకాశాన్ని పరిశీలించవచ్చు.

ఈ విషయంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. 2021 ఫిబ్రవరిలో ఎరువుల నియంత్రణ ఉత్తర్వుకు చేసిన సవరణ ద్వారా జీవ ఉత్ప్రేరకాలు దాని పరిధిలోకి వచ్చాయి. నమోదు లేకుండా సీసాలలో నింపి అమ్మడం చట్టరీత్యా చెల్లదు. తొలి సంవత్సరాలలో సంఘాలు లైసెన్సు గల తయారీదారుకు పచ్చి నాచును గాని, ముడి రసాన్ని గాని సరఫరా చేయడమే సురక్షిత మార్గం.

సంఘాల నిర్మాణం, ఆర్థిక సహాయం

నాలుగు అంచెలనూ ఒకే సంఘం నిర్వహించడం కష్టం. గ్రామ స్థాయిలో ఐదు నుంచి పది మంది మహిళల బృందాలు తెప్పల నిర్వహణను, అనేక గ్రామాల ఉమ్మడి సమాఖ్య విత్తన ఖాతా, ఆరబోత మంచెలు, నిల్వ, విక్రయాలను చేపట్టడం అనుసరణీయం. 1995 నాటి ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద గాని, మత్స్య రైతు ఉత్పత్తిదారుల సంస్థగా గాని ఇటువంటి సమాఖ్యను నమోదు చేయవచ్చు. కొనుగోలు ఒప్పందం వ్యక్తులతో కాక సమాఖ్యతో ఉండాలి. కనీస ధర, తూకం జరిగే స్థలం, తేమ పరిమితి, చెల్లింపు గడువు అనే నాలుగు అంశాలు అందులో స్పష్టంగా ఉండాలి.

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఒక తెప్పకు 1,500 రూపాయలు, గొట్టపు వలల యూనిట్‌కు 8,000 రూపాయలు యూనిట్ వ్యయంగా నిర్ణయించారు. సాధారణ లబ్ధిదారులకు 40 శాతం, మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 60 శాతం రాయితీ వర్తింపజేశారు. ఈ లెక్కన 45 తెప్పలకు 67,500 రూపాయలు అవుతుంది. మహిళా లబ్ధిదారుకు 40,500 రూపాయలు రాయితీగా పోగా 27,000 రూపాయలు సొంత వాటా లేదా రుణం అవుతుంది. తీరంలోని కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు. అందువల్ల మంజూరు తేదీ కూడా మంజూరైన మొత్తమంత ముఖ్యమైనదే. నవంబరులోగా తెప్పలు, విత్తనం ఖరారు కాని పక్షంలో ఆ ఏడాది సాగును వాయిదా వేయడమే మేలు. ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా నిధులు ఖర్చు చేయాలన్న తొందరలో మార్చిలో తెప్పలు అందజేస్తే, లబ్ధిదారుకు దక్కేది ఒక్క కోతే.

వేట నిషేధ కాలంతో అనుబంధం

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటపై నిషేధం అమలవుతున్నది. ఈ కాలానికి రాష్ట్ర ప్రభుత్వం అర్హులైన మత్స్యకార కుటుంబాలకు అందించే భృతిని 2025లో 20,000 రూపాయలకు పెంచడం జరిగింది. నాచు రెండవ కోత, దాని ఆరబోత సరిగ్గా నిషేధ కాలపు మొదటి నెలలోకి వస్తాయి. అప్పటికి పురుషులు కూడా ఒడ్డునే ఉంటారు కనుక కోత పనికి మనుషుల కొరత ఉండదు. జూలై నుంచి సెప్టెంబరు వరకు వరద నీటితో పులస చేప గోదావరిలోకి ఎదురీదే కాలంలో నదిపై వేట ఆదాయం ఉంటుంది. ఆ విధంగా నది పొంగే నెలలకు వేట, నది తగ్గే నెలలకు నాచు అన్న వరుస సహజంగానే అమరుతుంది. నాచు వేటకు ప్రత్యామ్నాయం కాదు, అనుబంధం మాత్రమే.

పర్యావరణ, చట్టపరమైన అంశాలు

కప్పాఫైకస్ పరాయి జాతి అయినందున జాగ్రత్త అవసరం. మన్నార్ సింధుశాఖలోని కురుసడై దీవి వద్ద ఈ నాచు పగడపు దిబ్బలపై వ్యాపించినట్లు 2008లో శాస్త్రవేత్తలు వెల్లడించారు. గోదావరి మొగల వద్ద పగడపు దిబ్బలు లేకపోయినప్పటికీ, మడ అడవులు, తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక తీరాలు ఉన్నాయి. 1978లో ఏర్పాటైన కోరింగ అభయారణ్యం పరిధిలో, దాని సమీపంలో అటవీ శాఖ అనుమతి లేనిదే ఏ పనీ చేపట్టరాదు. తీర ప్రాంత నియంత్రణ మండలి నిబంధనలు, ఓడరేవు పరిమితులు కూడా వర్తిస్తాయి.

నీటిపై హక్కు మరొక సున్నితమైన అంశం. రాష్ట్రంలో తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు జలాలు సంప్రదాయ పడవలకు ప్రత్యేకించినవి. తెప్పలు వేసేది ఈ జలాలలోనే. అలివి వలలు లాగే చోట, పడవలు ఒడ్డుకు చేరే దారిలో తెప్పలు వేస్తే గ్రామంలోనే వివాదం తలెత్తుతుంది. స్థలాల గుర్తింపు, సరిహద్దుల నిర్ణయం మత్స్యకార సహకార సంఘం తీర్మానంతో, గ్రామ పెద్దల సమక్షంలో జరగాలి.

అధికారులు, పాత్రికేయులు గమనించవలసిన అంశాలు

ఈ తీరంలో నాచు సాగు పథకం ఏదైనా పరిశీలనకు వచ్చినప్పుడు ఈ క్రింది ఆరు ప్రశ్నలకు సమాధానం లభిస్తే, దాని మంచిచెడ్డలను అంచనా వేయవచ్చు.

1. ఎంపిక చేసిన స్థలంలో ఒక సంవత్సరం ఉప్పు, ఉష్ణోగ్రతల కొలతలు ఉన్నవా? వాటిని ధవళేశ్వరం విడుదలలతో సరిపోల్చారా?

2. వరద నెలలలో తల్లి విత్తనం ఎక్కడ ఉంటుంది? దాని బాధ్యత ఎవరిది?

3. ఆదాయ అంచనా రెండు కోతలపై ఉన్నదా, అంతకు మించి ఉన్నదా?

4. ఆరబోత మంచెలు, నిల్వ గది తెప్పల కంటే ముందే సిద్ధమవుతున్నవా?

5. కొనుగోలు ఒప్పందం లిఖితపూర్వకంగా సమాఖ్య పేరున ఉన్నదా? కొనుగోలుదారులు ఒకరికంటే ఎక్కువగా ఉన్నారా?

6. పంట నష్టపోతే రుణ భారం ఎవరిపై పడుతుంది? బీమా గాని, వాయిదాల సడలింపు గాని ఉన్నదా?

ఎగువన నిర్మాణంలో ఉన్న పోలవరం ప్రాజెక్టు పూర్తయిన పిదప నదీ ప్రవాహాల క్రమం మారే అవకాశమున్నందున, స్థల ఎంపికకు ఆధారమైన కొలతలను అప్పుడు మరల సరిచూడవలసి ఉంటుంది.

ధవళేశ్వరం వద్ద నీటిమట్టాన్ని, విడుదలలను ప్రతి వరదలోనూ గంట గంటకూ నమోదు చేసి ప్రకటించే వ్యవస్థ దశాబ్దాలుగా ఉన్నది. లంక గ్రామాల ప్రజల ప్రాణ రక్షణకు ఉద్దేశించిన ఆ సమాచారాన్నే తీర గ్రామాల సంఘాలకు కూడా క్రమం తప్పక చేరవేస్తే, జూన్‌లో తెప్పలను ఎప్పుడు ఒడ్డుకు చేర్చాలో, జనవరిలో విత్తనాన్ని ఎప్పుడు నీటిలోకి దించాలో నిర్ణయించుకోవడం సులభమవుతుంది. ఇందుకు కొత్త వ్యవస్థ అవసరం లేదు. జలవనరుల, మత్స్య శాఖల మధ్య సమన్వయం, సంఘానికొక ఫోన్ నంబరు ఉంటే చాలు.